మూడో దర్జా ఇల్లు

ఆ రోజు పొద్దున ప్రభుదాసు పెట్టుకున్న పనులు ఎక్కువేం కావు. రొట్టె తినాలి, సైకిలు తుడుచుకోవాలి, మేడ్చల్ స్టేషనుకు పోయి గూడ్సు ఆఫీసులో కూర్చోవాలి, అమీన్ సాబ్ వచ్చేలోగా ఇంటిని కొంచెం పాడు చేయాలి.

"పాడు చేసుడేంది?" అన్నది భార్య మార్తమ్మ, పెనం మీద జొన్నరొట్టె తిప్పుతూ.

"ఉత్తగనే, ఒక్క దినం కోసం. మళ్ల సక్కగ జేస్త."

"ఇల్లు పాడు చేసుకునుడు మీ ఆఫీసుల నేర్పుతున్నరా?"

యుద్ధం ముగిసిన మరుసటి ఏడు అది. ఊరి కమిటీ వారు ఒకేసారి మూడు మంచిపనులు తలపెట్టారు. బజారుకు కందిలి దీపాలు, స్టేషను రోడ్డుకు మొరం, కమిటీ ఆఫీసుకు గోడగడియారం. గడియారం వచ్చింది. మిగతా రెండూ రావాలంటే ఇంటిపన్ను పెరగాలన్నారు. ఏ ఇల్లు ఏ దర్జాదో తేల్చడానికి పన్నుల అమీన్ సాబ్ వీధి వీధీ తిరుగుతున్నాడనీ, బెంగుళూరు పెంకు, సున్నపు గోడ, రంగు తలుపు కనబడితే మొదటి దర్జా కింద ఎక్కువ పన్ను రాస్తాడనీ, గడ్డి కప్పూ మట్టి గోడా అయితే మూడో దర్జాతో వదిలేస్తాడనీ స్టేషనులో అనుకుంటున్నారు. ప్రభుదాసు ఇంటికి పెంకూ, సున్నమూ, రంగూ అన్నీ ఉన్నాయి. రైలు దిగినవాడికి మొదట తన ఇంటి కప్పే కనబడాలని పట్టుబట్టి కట్టించుకున్నాడు. ఇప్పుడు అదే కప్పు అమీన్ సాబ్‌కు కూడా కనబడుతుందని ఆయనకు నిద్ర కరువైంది.

"పన్ను పెరిగెనా, నీ కుట్టుమిషను మాట మర్చిపో," అన్నాడు.

మార్తమ్మ చేతిలో రొట్టె ఆగింది. మిషను ఆమెకు చాలా ఏళ్ల నాటి మాట. పోయిన ఏడు మిషను కోసం దాచిన డబ్బుతో సైకిలు వచ్చింది. ఆఫీసుకు ఆలస్యమవుతోందని ఆయన అన్నాడు. వాకిట్లో నిలబడితే ఆఫీసు కిటికీ కనబడుతుంది.

"ఏమేం జూస్తడో ఆ అమీన్ సాబ్‌నే ఒకపారి పోయి అడగరాదు?"

"అడిగితే అనుమానం రాదా? సర్కారు పనులు నీకు ఎరుకలెవ్వు, ఊకో."

"నాకెట్ల ఎరుకైతయి. గూడ్సు గుమాస్తనా ఏమన్ననా," అని ఆమె రొట్టె తిప్పింది. అది అప్పటికే మాడింది.

ఆ పూటే మేస్త్రీ కుర్మయ్య వచ్చాడు. ఆ ఇల్లు కట్టింది ఆయనే. సంగతి విని కాసేపు తల గోక్కున్నాడు. "నేనే గట్టి, ఇప్పుడు నేనే పాడు జేసుడేంది సార్? నా చేతులకు సుత సిగ్గుంటది."

"కూలి ఇస్త. గీ ముచ్చట మాత్రం ఎవ్వరికీ జెప్పొద్దు. ఒట్టు పెట్టు."

"నా నెత్తి మీద ఒట్టు. సచ్చినా జెప్ప," అన్నాడు కుర్మయ్య. ఆ మాట మీద ఆయన చివరిదాకా నిలబడ్డాడు. అదే కొంప ముంచింది.

రోడ్డు వైపు పెంకులన్నీ దించి, బండికెత్తి, చర్చి వెనకాల కొట్టంలో పెట్టారు. సమాధి తోటకు మోసుకుపోయే పాడె ఉండేది అక్కడే కాబట్టి అటు ఎవరూ సరదాగా తొంగిచూడరు. కప్పు మీద వరిగడ్డి పరిచారు. సున్నపు గోడకు బురద కొట్టారు. ఆకుపచ్చ తలుపు ఊడదీసి లోపలి గదిలో మంచం కిందికి తోసి, దాని చోట గోనెపట్టా కట్టారు. సైకిలు ఆ గదిలోనే అటక ఎక్కింది. మార్తమ్మ మొదట మూతి ముడుచుకుని కూర్చున్నది గానీ, ఎంత పనికిమాలిన పనైనా సగంసగం చేస్తే ఆమె చూడలేదు. కొంగు బిగించి రోడ్డు మీదికి వచ్చి నిలబడింది.

"ఆ మూలకు ఇంకింత కొట్టు కుర్మయ్యా. బీదతనం సాలుతలేదు."

పక్కింటి ఈదమ్మను అడిగి కుంటిమేకను కూడా తెచ్చి అరుగుకు కట్టింది. మేక సాయంత్రం దాకా నిలబడి అందినంత కప్పు తిన్నది.

అమీన్ సాబ్ మాత్రం ఆ రోజు రాలేదు. అత్వెల్లికి పోయాడన్నారు. మర్నాడు దేవరయాంజాల్‌కు పోయాడన్నారు. ఆయన బదులు ఎలీషమ్మ వచ్చింది.

ఆ ఊరి క్రైస్తవుల ఇళ్లలో వంటకు ముందు ఒక పిడికెడు బియ్యం తీసి వేరే కుండలో వేస్తారు. అది చర్చిది. లేనివాళ్ల ఇళ్లకు పోతుంది. వారానికొకసారి ఆ బియ్యమంతా మార్తమ్మ దగ్గరికి చేరుతుంది. ఎవరి పిడికిలి ఎంతుందో ఆమెకు తెలుసు. తెలిసినది మొహం మీదే చెప్పడం కూడా ఆమెకు అలవాటే. చర్చికి తెచ్చే బదులు ఆ వారం బియ్యం ఇంటికే పట్టుకుని వచ్చిన ఎలీషమ్మ గోనెపట్టా ముందు ఆగిపోయింది.

"ఓ మార్తా! ఏమాయెనే ఇంటికి? మొన్న బండిల పెంకలు పోతుంటే ఎవ్వలియో అనుకున్న. మీవేనా?"

మార్తమ్మ నిజం చెప్పేదే. కానీ ఎలీషమ్మ అల్లుడు కమిటీ ఆఫీసులో జవాను. ఆ కొత్త గడియారానికి చావి తిప్పి నడిపేది అతనే. ఇక్కడ చెప్పిన మాట గడియారం గంట కొట్టేలోగా అక్కడ వినబడుతుంది.

"ఏం జెప్పమంటవ్ వదినా," అని ఆమె నేల చూసింది.

అంతే. ఆ తర్వాత ఆమె ఒక్క మాట కూడా కల్పించలేదు. కల్పించాల్సిందంతా ఎలీషమ్మే కల్పించుకున్నది.

"అమ్ముకున్నరా? అప్పులా? ఆఁ? పత్తాలాటనా? సైకిల్ సుత కనబడతలేదు! అదీ పాయెనా?"

"ఏం జెప్పమంటవ్," అన్నది మార్తమ్మ మళ్లీ. ఈసారి కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. నవ్వు ఆపుకోవడానికే. ఎలీషమ్మకు మాత్రం అది ఏడుపులాగే కనబడింది.

ఆదివారం నాటికి ప్రభుదాసు పేకాటలో ఇల్లు సగం పోగొట్టుకున్నాడని ఒకరూ, మిగిలిన సగం కూడా వాయిదాల మీద పోతోందని ఒకరూ చెప్పుకుంటున్నారు. చర్చిలో దేవసహాయం అయ్యగారు కళ్లు మూసుకుని ప్రార్థన మొదలుపెట్టారు. ఆయన మహా మర్యాదస్తులు. ఎవరి పరువూ తీయరు.

"తండ్రీ, మా నడుమ కష్టంల ఉన్న ఒక కుటుంబాన్ని జూడు. పేరు చెప్పను తండ్రీ. స్టేషను దగ్గర, గడ్డి కప్పు ఇల్లు, గోనెపట్టా తలుపు, ముంగట కుంటిమేక..."

కళ్లు మూసుకున్నవాళ్లందరూ కళ్లు తెరిచి ప్రభుదాసు వైపు చూశారు. ఆయన పాటల పుస్తకంలో తల దూర్చాడు. అది తలకిందులుగా ఉంది.

ఆరాధన అయ్యాక ఆడవాళ్లు బియ్యం తెచ్చారు. ఎప్పట్లాగే మార్తమ్మ కుండ పట్టింది. పోయడం అయ్యాక అయ్యగారు మెల్లగా, "ఈ వారం కుండ మీ ఇంటికే పోవాలె బిడ్డా," అన్నారు.

మార్తమ్మ మొహంలో రంగు మారింది. ఎలీషమ్మ ఆమె పక్కకు చేరి ఇంకో మూట విప్పింది. "పోయిన నెల నా పిడికిలి సిన్నగున్నదంటివి సూడు, మార్తా. ఇగ జూస్కో. నీ కోసం దోసిలి వట్టిన."

ఇంటికి వచ్చాక గోనెపట్టా ఎత్తి లోపలికి అడుగు పెడుతూనే ఆమె అందుకున్నది. "ఊర్ల బియ్యం నేను జమ జేస్తుంటి. ఇయ్యాల నాకే పోసిన్రు! ఇగ రేపు ఎవ్వల పిడికిలి సిన్నగున్నదని ఏ మొహం వెట్టుకుని అడగాలె?"

"ఇంక కొన్ని దినాలు ఓపిక వట్టు. నీ మిషను కోసమే గద..."

"మిషను పేరెత్తితివా, ఆ మేక తాడు దీసి నీకు గడ్త!"

మర్నాడే ఆమె శామీర్‌పేటలో తల్లిగారింటికి బండి కట్టించుకున్నది. బియ్యం కుండ మాత్రం ముట్టకుండా లోపలి గదిలో పెట్టి తాళం వేసి పోయింది. ప్రభుదాసు రెండు పూటలు వండుకున్నాడు. మూడో పూట మేక కూడా వాసన చూసి మొహం తిప్పుకున్నది. అమీన్ సాబ్ వచ్చేవారం గానీ రాడని స్టేషనులో ఎవరో అంటే ధైర్యం తెచ్చుకుని, సెలవు పెట్టి, పెళ్లాన్ని పిలుచుకు రావడానికి తానూ శామీర్‌పేట పోయాడు. గోనెపట్టాకు తాళం వేసే వీలు లేదు కాబట్టి వేయలేదు.

చర్చి సంఘం వాళ్లకు కావలసింది అదే.

సరిగ్గా ఆ వారమే దేవసహాయం అయ్యగారు పాడె బాగు చేయించడానికి కొట్టం తలుపు తీశారు. లోపల బెంగుళూరు పెంకులు వరసగా పేర్చి ఉన్నాయి. పేరు చెప్పుకోవడం ఇష్టంలేని పుణ్యాత్ముడెవరో ప్రభుదాసు కోసమే వీటిని పెట్టిపోయాడని ఆయన కళ్లనీళ్లు పెట్టుకున్నారు. కుర్మయ్యను పిలిపించారు. కుర్మయ్య పెంకులను చూశాడు, అయ్యగారిని చూశాడు, తన నెత్తి తడుముకున్నాడు. ఒట్టు అక్కడే ఉంది. "కప్పుడే గదా అయ్యగారూ, కప్పుత," అన్నాడు.

సంగతి తెలిసి ఎదురింటి దొరసాని లక్ష్మీకాంతమ్మ ఊరుకోలేదు. వాళ్లు తరతరాల భూములున్నవాళ్లు. "సంఘపోల్లు సంఘపోల్లకు జేసుకుంటే ఎదురింటోల్లం మేమేం గావాలె?" అని, తమ పాత ఇంటి నగిషీ తలుపులూ, రెండు టేకు స్తంభాలూ పంపించింది. స్తంభాలు వచ్చాయి కాబట్టి వాటికి తగినట్టు అరుగు పొడిగించారు. అరుగు పొడుగైంది కాబట్టి మెట్లు కట్టారు. మెట్లు తెల్లగా ఉండడంతో గోడలు మాసినట్టు కనిపించి, లోపలా బయటా సున్నం కొట్టి నీలిరంగు అంచు గీశారు. ఎలీషమ్మ తన చేత్తో గుమ్మానికి మామిడాకులు కట్టింది.

శుక్రవారం సాయంత్రం బండి శామీర్‌పేట నుంచి తిరిగి వచ్చింది. ప్రభుదాసు బండివాడిని, "ఇంక ముంగటికి పోనీ, గడ్డి కప్పు ఇల్లు," అంటూ తన ఇంటిని దాటించాడు.

"ఆపు," అన్నది మార్తమ్మ. "ఆ మేక మనం గట్టిందే."

నగిషీ తలుపు ముందు సంఘమంతా నిలబడి ఉంది. అందరి మొహాల్లోనూ మంచిపని చేసిన వెలుగు. పొడిగించిన అరుగు మీద, టేకు స్తంభానికి ఆనుకుని ఒక పెద్దమనిషి చాయ తాగుతున్నాడు.

"ఆయియే, ప్రభుదాస్ గారూ," అన్నాడు అమీన్ సాబ్. "పని జల్దీ అయిపోయింది, అందుకే ముందే వచ్చిన. మస్తుగున్నది ఇల్లు. మొదటి దర్జా రాసిన."

ప్రభుదాసుకు స్తంభం పట్టుకోక తప్పలేదు. "సాబ్... మొన్నటిదాంక గిది గడ్డి ఇల్లు."

"అదే కదా నేను చెప్పేది! పాత ఇండ్లకు పాత పన్నే. కొత్తగ కట్టినయి, మరమ్మత్తు చేసినయి, అవ్వే రాసుకురమ్మని హుకుం. మీ వీధిల నాకు ఇదొక్కటే దొరికింది."

"మరి... ఇల్లు ముందటి లెక్కనే ఉంటే?"

"ఉంటే నేనెందుకొస్త?" అమీన్ సాబ్ చాయ కప్పు కింద పెట్టాడు. "అడిగితే చెప్తుంటి. ఎవరూ అడగరు."

మార్తమ్మ భర్త వైపు చూడలేదు. చూస్తే నవ్వొస్తుందని ఆమెకు తెలుసు. ప్రభుదాసు కుర్మయ్యను పక్కకు లాగాడు. "నీకన్న ఎరుకనే గద! ఒక్క మాట జెప్తే ఏమాయె?"

"ఒట్టు వెట్టిచ్చుకుంటివి గద సార్," అన్నాడు కుర్మయ్య, నొచ్చుకుని. "మాట దప్పే మనిషినా?"

మార్తమ్మ తాళం తీసి లోపలికి పోయి బియ్యం కుండ బయటికి తెచ్చింది. ఆ రోజు పని చేసినవాళ్లందరికీ ఆ బియ్యమే వండి పెట్టింది. దొరసాని ఇంటి నుంచి పప్పు వచ్చింది. కొత్త అరుగు మీద అందరూ కూర్చుని తింటుంటే ఎలీషమ్మ రెండోసారి అన్నం పెట్టించుకున్నది.

"నా దోసిలి నాకే వచ్చె మార్తా," అన్నది.

"నీ పిడికిలి సుత ఇట్లనే పెద్దగ రావాలె వదినా," అన్నది మార్తమ్మ. ఆమె పరువు ఆ మాటతో మళ్లీ గాడిన పడింది.

ఆ చర్చిలో మేలు పొందినవాళ్లు నిలబడి సాక్ష్యం చెప్పాలి. ఒక ఆదివారం మగవాళ్లూ, మరో ఆదివారం ఆడవాళ్లూ చెబుతారు. ఆ ఆదివారం మగవాళ్ల వంతు. "రండి ప్రభుదాసు గారూ, మీ ఇంటిని గురించి చెప్పుండ్రి," అన్నారు అయ్యగారు.

ప్రభుదాసు లేచాడు. అబద్ధం ఆడడానికి అది చోటు కాదు. నిజం చెప్పడానికి ధైర్యం లేదు. పాటల పుస్తకం మూసి, "నా ఇల్లు ఈ దర్జాకు వచ్చిందంటే దానికి నా తెలివే కారణం. ఇంకెవ్వలనూ అనేది లేదు," అని కూర్చున్నాడు.

పేకాట తప్పును ఇంత పచ్చిగా ఒప్పుకున్న మనిషిని అయ్యగారు ఇంతకుముందు చూడలేదు. సంఘమంతా ఆమెన్ అన్నది. ఆడవాళ్ల వైపు నుంచి ఒక ఆమెన్ అందరికన్నా గట్టిగా వినబడింది.

ఇంటికి నడిచి వస్తుంటే మార్తమ్మ తీరిగ్గా అన్నది: "వచ్చే ఆదివారం మా వంతు."

"నువ్వేం జెప్తవ్?"

"జరిగింది జెప్త. పెంకలు దించిన కాడికెంచి. నీ లెక్క సూక్ష్మంగ జెప్పుడు నాకు రాదు."

ప్రభుదాసు నడక నెమ్మదించింది. "మార్తా..."

"ఒక్కటున్నది," అన్నదామె. "మిషను గిట్ల ఇంట్లుంటే కుట్టుపని మీద వడి చర్చికి పోయేసరికి ఆలస్యమైతదేమో. సాక్ష్యాలు అయిపోతయేమో."

శనివారం పొద్దుటి బండికి కుట్టుమిషను మేడ్చల్ స్టేషనులో దిగింది. అదే బండికి ప్రభుదాసు సైకిలు ఎక్కింది.