మూడో పిలుపు

2006 జూలైలో ఒక ఉదయం, అంబాజీపేట కొబ్బరికాయల వ్యాపారి బుజ్జిబాబు ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, భార్య అచ్చాయమ్మను వెంటబెట్టుకుని కాకినాడ బ్యాంకుకు బయలుదేరాడు. కువైట్‌లో ఎనిమిదేళ్లు ఎవరి వంటింట్లోనో చెమటోడ్చి ఆమె దాచుకున్న ఎనిమిది వేల డాలర్లు అక్కడున్నాయి. వాటిని రూపాయల్లోకి మార్చి ఇండెక్స్ ఫండ్‌లో పెట్టాలి. నాలుగు రాళ్లు పెరిగితే ఇల్లు కట్టుకోవాలి. తను మళ్లీ కువైట్ వెళ్లకూడదు. అచ్చాయమ్మ కోరిక అంతే.

“యాభై పెద్ద కంపెనీలు కలిపి ఒకటే ఫండ్ అండి,” అన్నాడు ఆఫీసరు ఉదయ్‌భాస్కర్.

“ఏరుకోనివ్వరా? కుళ్లినవి ఉంటేనో?” అన్నాడు బుజ్జిబాబు.

“పడిపోయినవాటిని తీసేసి, వాళ్లే కొత్తవి వేస్తారండి.”

బుజ్జిబాబుకు సరుకు నచ్చింది. డాలరు రేటే నచ్చలేదు. నలభై ఆరు రూపాయల ఇరవై పైసలట!

“నలభై ఆరున్నర చేసుకోండి.”

“ఇక్కడ బేరాలుండవండి.”

బుజ్జిబాబు తువ్వాలు దులిపి లేచాడు. కాయల రాశి దగ్గర ఆయన పద్ధతి అదే. రేటు చెప్పి నడిచిపోవాలి. మొదటి పిలుపుకు తిరిగితే లోకువ. రెండోదానికి అడుగు నెమ్మదించాలి. మూడోదానికి తిరగాలి.

గేటు దగ్గర వెనకనుంచి ఉదయ్‌భాస్కర్ రెండుసార్లు పిలిచాడు.

“ఏవండీ, పిలుస్తున్నారు!” అంది అచ్చాయమ్మ.

“ఊరుకో. ఇంకోసారి పిలవాలి.”

ఇంకోసారి పిలవలేదు. రేపు కబురు చేస్తారన్నాడు బుజ్జిబాబు. ఆ ధీమాతోనే అరువు మీద ఇటుకలు దింపించి గోడలు లేపేశాడు. డాలరు నలభై నాలుగుకు దిగింది. “బెదిరిస్తున్నారు,” అన్నాడు. నలభై ఒకటైంది. ఫండేమో పైకి పోతోంది. “రేటు పెంచడానికి సరుకూ బిగబట్టారు!” అన్నాడు. అచ్చాయమ్మ మాట్లాడటం మానేసింది.

2008 జనవరికి డాలరు ముప్పై తొమ్మిది, ఫండు రెట్టింపు. ఇటుకలవాడు అరుగు మీద కూర్చుని కదలనన్నాడు. బుజ్జిబాబు తలవంచుకుని బ్యాంకుకు వెళ్లాడు.

“ఆ రోజు మీరడిగిన రేటే ఇచ్చెయ్యమన్నారండి మేనేజరుగారు,” అన్నాడు ఉదయ్‌భాస్కర్ నొచ్చుకుంటూ. “గేటు దాకా పిలుచుకుంటూ వచ్చాను. మీకు వినపడలేదు.”

“వినపడిందండి,” అన్నాడు బుజ్జిబాబు. “రెండుసార్లూ వినపడింది.” ఆ మాట అన్నాక ఆయనకు నిజంగానే ఏడుపొచ్చింది.

డాలర్లు ముప్పై తొమ్మిదికే మార్చితే అప్పులు తీరాయి. ఫండుకూ శ్లాబుకూ పైసా మిగల్లేదు. ఏప్రిల్లో రాజమండ్రి స్టేషన్లో అచ్చాయమ్మ మళ్లీ కువైట్ పెట్టెతో రైలెక్కింది. రైలు కదిలింది. చూడలేక బుజ్జిబాబు వెనుదిరిగి నడిచాడు.

“ఏవండీ!” కిటికీలోంచి పిలిచింది అచ్చాయమ్మ.

ఈసారి మొదటి పిలుపుకే తిరిగాడు.