మూడు వీధుల పాస్‌వర్డ్

రిజర్వాయరు నీళ్లు రాకముందే దిబ్బలపాడు ఊరినంతా, మనుషులతో సహా, ప్రభుత్వంవారు జిప్ ఫైలుగా కుదించి, పాస్‌వర్డ్ వేసి, పునరావాస కార్యాలయం కంప్యూటర్లో భద్రపరిచారు.

ఇందులో వింతేమీ లేదు. లారీలు పెట్టి తరలించడం తలనొప్పి అని ఎగువ ఊళ్లను కూడా అలాగే పంపారు. ఆవకాయ ముక్కల్ని జాడీలో కూరి మూతికి గుడ్డ కట్టినట్టు పొలాలు, పెంకుటిళ్లు, గేదెలు, పొయ్యి మీద సగం ఉడికిన కూరలు, అన్నీ ఒకదాని సందులో ఒకటి సర్దుకుపోయాయి. ఇంటికొకరు మాత్రం బయట ఉండాలని ఉత్తర్వు. తర్వాత తమవాళ్లను అప్పగించుకుని వేలిముద్ర వేయడానికి మనిషి కావాలి కదా మరి. మగవాళ్లు బరువెక్కువ గనక ముందు వాళ్లనే కుదించారు. అలా ఆడవాళ్లు బయట మిగిలిపోయారు.

గవరమ్మ మొగుడు అప్పలసూరి కూడా లోపలికి వెళ్లాడు. నోరు మూస్తే పాపం తగులుతుందని నమ్మే మనిషి అతను. వానతో తగువు పడేవాడు. ఎద్దుకి పొడుపుకథ వేసి, జవాబు కూడా తనే చెప్పుకుని, దాని తెలివికి మెచ్చి మరో గుప్పెడు గడ్డి వేసేవాడు. గవరమ్మకి ఆ వాగుడంటే విసుగే. ఆ విసుగు లేని ఇల్లు ఎలా ఉంటుందో ఆమెకి అప్పటిదాకా తెలీదు.

పాస్‌వర్డ్ సంగతి ఊరి పద్ధతిలోనే తేల్చారు. దిబ్బలపాటి అమ్మవారి నగల పెట్టెకి తాతల నాటినుంచీ మూడు తాళాలు. పైవీధి, నడివీధి, కిందివీధి, వీధికో తాళంచెవి. ఒక వీధిని ఇంకో వీధి నమ్మిన పాపాన పోలేదు. పాస్‌వర్డూ అలాగే ఉండాలని పెద్దలు పట్టుబట్టారు. పెద్దలు ఒక్కొక్కరే వచ్చి గుమాస్తా భానోజీరావు చెవిలో ఒక్కో మాట చెప్పారు. మిగతావాళ్లు గోడవైపు తిరిగి నిలబడ్డారు. గుమాస్తా కొట్టిన మాట కొట్టినట్టే మర్చిపోతానని అమ్మవారి మీద ప్రమాణం చేశాడు. ప్రమాణం నిలబెట్టుకున్నాడు కూడా.

పునరావాస కాలనీ కట్టడం పూర్తవడానికి ఏళ్లు పట్టింది. ఇళ్లకి తలుపులు పెట్టారని తెలిసిన రోజునే గవరమ్మ ఆఫీసుకి బయల్దేరింది.

ఆఫీసులో ఉన్నది లైనక్స్ కంప్యూటరు. సాఫ్ట్‌వేరు డబ్బిచ్చి కొననక్కర్లేదని పెట్టారు. భానోజీరావు ఫైలు మీద రెండుసార్లు నొక్కగానే ఊరివాళ్ల పేర్లన్నీ వరసగా వచ్చేశాయి. జిప్‌లో రివాజు అంతే. పాస్‌వర్డ్ లేకపోయినా పేర్లు కనిపిస్తాయి, మనిషి మాత్రం రాడు.

"ఇదిగోనమ్మా, మీ ఆయన."

గవరమ్మకి చదువు రాదు. అతను చూపించిన చోట వేలు పెట్టి, కాసేపు అలాగే ఉంచింది. అద్దం గోరువెచ్చగా తగిలింది.

"లోపల ఆడికి ఊపిరాడతాదా బావూ?"

"ఫైలుకి ఊపిరెందుకమ్మా? రైట్ క్లిక్ కొట్టి 'ఇక్కడ విప్పు' అంటే చాలు. కానీ పాస్‌వర్డ్ అడుగుతుంది. మీ పెద్దల్ని పిలుచుకురండి. నెలాఖరుకి పథకం మూసేస్తున్నారు. తర్వాత ఈ ఫైలు చెరిపేస్తారు."

చుట్టుపక్కల ఊళ్లలో తలదాచుకున్న తనవాళ్లందర్నీ గవరమ్మ ఇల్లిల్లూ తిరిగి పోగేసింది. పైవీధి పెద్ద దాలినాయుడు కర్ర పోటేసుకుంటూ వచ్చాడు. నడివీధి పెద్ద ఎండమ్మ మూలుగుతూ వచ్చింది. ఇద్దరివీ ఒంటరి బతుకులే. ఇంట్లో ఇంకెవరూ లేక బయట మిగిలారు. కిందివీధి పెద్ద తవిటయ్య మాత్రం రాలేదు. వెతగ్గా వెతగ్గా గుమాస్తాకి ఫైల్లోనే కనిపించాడు.

"అదేటే అసిరీ! తాళంచెవి పట్టుకుని మీ ఆయన పెట్టెలో దూరీసినాడా?" అని ఎండమ్మ తవిటయ్య పెళ్లాన్ని నిలదీసింది.

"ఆడు పెద్దమనిసి కదప్పా! అందరికన్నా ముందు నానే ఎల్లాలని కూకున్నాడు. ఎవులాపుతారు?" అంది అసిరమ్మ.

"పోనీ ఆ మాటేటో నీకు సెప్పినాడా?"

"ఆడు సుట్ట ఎక్కడ దాస్తాడో కూడా నాకు సెప్పనేదు. అంత గుట్టుగాడు!"

తెలిసిన రెండు మాటలైనా కొట్టి చూద్దామంటే దాలినాయుడు ఒప్పుకోలేదు.

"ముందు నడివీధోలు గోడేపు తిరగండి."

"ఊరే ములిగిపోయినాది, నీ గుట్టు ములగనేదేటి?" అంటూనే ఎండమ్మ గోడవైపు తిరిగింది. ఆమె వంతు వచ్చినప్పుడు దాలినాయుడు తిరిగాడు. మూడో మాటకి అసిరమ్మ ఎద్దు పేరు చెప్పింది, అమ్మవారి పేరు చెప్పింది, సిగ్గుపడుతూ తన పేరూ చెప్పింది. తన పేరు కాదని తెలిశాక వెనక్కి జరిగి నిలబడింది. కంప్యూటరు ప్రతిసారీ పాస్‌వర్డ్ తప్పు అని మర్యాదగా చెప్పింది.

చివరికి భానోజీరావు గొంతు తగ్గించాడు.

"ఒక దారుందమ్మా. తప్పు పాస్‌వర్డ్‌తోనే విప్పమంటే ఇది పేరు మాత్రం బయటికి తీస్తుంది. మనిషి వస్తాడు. సైజు సున్నా ఉంటుంది. లోపల ఏమీ ఉండదు. మా లెక్కకి అప్పగించినట్టే. వద్దంటే నెలాఖరుకి మొత్తం పోతుంది."

"సున్నా అంటే?"

"ఒళ్లు ఉంటుంది. మాటా పాటా ఉండవు."

గవరమ్మ తెర వైపు చూసింది. లోపల అతను నిండుగా ఉన్నాడు, ఏ మాటో సగంలో ఆపి. బయటికి రప్పిస్తే ఆ మాట ఉండదు. రప్పించకపోతే మనిషే ఉండడు.

"తియ్యి బావూ" అంది.

అప్పలసూరి ప్రింటరు పక్కన నిలబడ్డాడు. అదే చొక్కా, అదే మెడ. గవరమ్మ చెయ్యి పట్టుకుంటే దూది పట్టుకున్నట్టుంది. వేలిముద్ర వేసి, బస్సెక్కించి తీసుకొచ్చి కాలనీలో ఇంటి ముందు సిమెంటు గట్టు మీద కూర్చోబెట్టింది. మిగతావాళ్లు కూడా అలాగే తెచ్చుకున్నారు.

వానాకాలంలో పునరావాసం చూడ్డానికి పట్నం నుంచి ఒక పెద్ద అధికారి వచ్చాడు. గట్ల మీద వరసగా కూర్చున్న మగవాళ్లను చూసి, వీళ్లలో ఫైల్లోంచి తీసినవాళ్లెవరని అడిగాడు. భానోజీరావు తెల్లబోయాడు. ఆ వరసలో సగంమంది పక్క ఊళ్లవాళ్లు. వాళ్లనెవరూ కుదించలేదు, భూములు మునిగాక తమ కాళ్లతో తామే నడిచొచ్చి ఇక్కడ కూర్చున్నారు. ఎంత చూసినా ఎవరు ఎవరో అతనికి తేడా తెలియలేదు.

"నీకు తెలుస్తుందామ్మా?" అని అధికారి గవరమ్మని అడిగాడు.

"నా గుమ్మంకాడ కూకున్నోడు నావోడు బావూ. అదొక్కటే గురుతు."

అధికారి తల ఊపి, పని పూర్తయిందని రాయించి జీపెక్కాడు. సన్నగా జల్లు మొదలైంది. గట్ల మీద ఒక్కరూ లేవలేదు. ఆడవాళ్లు ఇళ్లలోంచి వచ్చి, ఎవరి మనిషిని వాళ్లు రెక్క పట్టుకుని లోపలికి తీసుకుపోయారు.