పుత్రపౌత్ర పారంపర్యంగా

ఒక పెద్ద అడవిలో చెట్లకంటే దస్తావేజులు ఎక్కువ. అక్కడ కూర్మయ్య అనే తాబేలుకి ఏ వేసవిలోనూ ఎండని మడుగు ఒకటుండేది. పిల్లాజెల్లా లేరు. తన తర్వాత అది ప్రాణస్నేహితుడు కుందేలుకి చెందేలా వీలునామా రాయిద్దామని, దస్తావేజు లేఖరి నక్క దగ్గరికి వెళ్లాడు.

అంతా రాయించాక ఒక అనుమానం అడిగాడు. "కుందేలు నాకంటే ముందే పోతే, దాని పిల్లలకి వస్తుందా?"

"'పుత్రపౌత్ర పారంపర్యంగా' అని రాశాను కదండీ. ఇంకేం కావాలి?" అంది నక్క.

అంత పెద్ద మాట విన్నాక కూర్మయ్యకి మళ్లీ అడగబుద్ధి కాలేదు. అడుగున నక్క ఇంకో ముక్క కలిపింది. ఈ రాత చెల్లకపోతే మడుగు లేఖరికి, అదీ పుత్రపౌత్ర పారంపర్యంగా. కూర్మయ్య అక్కడిదాకా చదవలేదు. చదివి వేలిముద్ర వేసినవాళ్లెవరు గనక. వేసేసి, వేసవి గడిచేదాకా బురదలో పడుకున్నాడు.

ఆ వేసవిలోనే కుందేలు పోయింది. మిగతా మడుగులన్నీ ఎండిపోయాయి. కుందేలమ్మ నలుగురు పిల్లల్నీ వెంటేసుకుని రిజిస్ట్రారు ఎలుగుబంటి దగ్గరికెళ్లి, ముందుముందు ఆ నీళ్లు తన పిల్లలవేనా అని అడిగింది. ఎలుగుబంటికి చట్టం అట్టే తెలీదు, సీలు మాత్రం గట్టిగా వేస్తుంది. అది నక్క వైపు చూసింది.

"పారంపర్యమంటే చేతికొచ్చింది పిల్లలకి దాటించడం. నీ మొగుడి చేతికి రానేలేదు కదమ్మా. ఇచ్చేవాడు బతికుండగానే పుచ్చుకునేవాడు పోతే ఆ రాత చెల్లదు" అంది నక్క.

ఎలుగుబంటికి ఆ మాట తెగ నచ్చింది. రిజిస్టర్లో ఎక్కించి సీలు వేసింది. నక్క ఆ రోజే మడుగు దగ్గర "కాబోయే యజమాని: లేఖరి" అని బోర్డు పెట్టి, నీళ్లకొచ్చిన కుందేలు పిల్లల్ని తరిమేసింది.

ఇక దానికి ఒకటే బెంగ. కూర్మయ్యకి ఇంకా ఊపిరి ఆడుతోందా లేదా అని రోజూ మిట్టమధ్యాహ్నం బురద తవ్వి చూసేది. ఆ తిరుగుడులోనే వడదెబ్బ తగిలి పోయింది.

నక్క కొడుకులిద్దరూ మడుగు మాదంటూ వచ్చారు. ఎలుగుబంటి రిజిస్టరు తిప్పి, వాళ్ల నాన్న చెప్పిన మాటే అక్షరం పొల్లుపోకుండా చదివి, దాని కిందే ఇంకో సీలు వేసింది.

తొలకరికి కూర్మయ్య లేచాడు. జరిగిందంతా విని స్నేహితుడి కోసం చాలాసేపు ఏడ్చాడు. తర్వాత, ఇప్పుడు మడుగెవరిదని ఎలుగుబంటిని అడిగాడు.

"ప్రస్తుతానికి మీదేనండి."

ఈసారి కూర్మయ్య తానే చెప్పి రాయించాడు. మడుగు కుందేలు పిల్లలకి, వాళ్లలో ఎవరైనా తనకంటే ముందు పోతే వాళ్ల వాటా వాళ్ల పిల్లలకి. అంతే. ఇందులో పెద్ద మాట ఒక్కటీ లేదే, చెల్లుతుందంటారా అని ఎలుగుబంటి నసిగింది. కుందేలు పిల్లలు అప్పటికే బోర్డు పీకి, దాని మీదెక్కి మడుగులో తేలుతున్నారు.

నీతి: ఆస్తి రాయించుకునేవాడు ముందు ఆయుష్షు రాయించుకోవాలి.