గులాబీ చీటీ

మంగళవారం పొద్దున త్రికోటేశ్వరరావు వేసుకున్న పథకంలో, కాగితం మీద చూస్తే, ఒక్క తప్పు కూడా లేదు. తొమ్మిదింటికి మాచర్ల క్వారీ నుంచి పసుపు చీటీ వస్తుంది. రాగానే తను గులాబీ చీటీ పంపుతాడు. పొద్దుగూకేలోపు బండల లారీ సత్తెనపల్లి చేరుతుంది. యజమాని ఫోను చేసి మెచ్చుకుంటాడు. ఆ మెచ్చుకోలుకి ఎంత వినయంగా జవాబివ్వాలో ఇడ్లీ తింటూ భార్య సుశీలకి మాట్లాడి కూడా చూపించాడు.

ఆయన నరసరావుపేటలో ఒక నాపరాళ్ళ కంపెనీకి మేనేజరు. ఆ కంపెనీకి క్వారీ మాచర్లలో ఉంది, ఆఫీసు పేటలో ఉంది, యజమాని గోపాలకృష్ణయ్య మాత్రం ఎక్కడ బేరం కుదిరితే అక్కడుంటాడు. ఇరవై ఏళ్ళుగా వీళ్ళందరినీ కలిపి నడిపించింది లారీ డ్రైవరు ఖాజా మొహిద్దీన్ నోరు. "మేస్త్రి చెప్పమన్నాడు", "ఆఫీసులో చెప్పమన్నారు" అంటూ అక్కడి మాట ఇక్కడికి, ఇక్కడి మాట అక్కడికి మోసేవాడు. ఒక్క మాట పొల్లుపోయేది కాదు.

ఖర్మ కాలి, పోయిన నెల త్రికోటేశ్వరరావుని మూడు రోజుల శిక్షణకి హైదరాబాదు పంపారు. దూరదూరంగా ఉండే శాఖలు కలిసికట్టుగా పనిచేయడం ఎలా అన్నది అక్కడి పాఠం. పాఠం చెప్పినాయన ఏం చెప్పాడో గానీ, ఈయన మాత్రం రెండు రంగుల చీటీ పుస్తకాలు అచ్చు వేయించి ఒక సర్క్యులర్ తీశాడు. ఇకమీదట నోటిమాటలు నిషేధం. లారీ మాచర్లలో బయల్దేరగానే క్వారీవాళ్ళు పసుపు చీటీ రాసి, తీసుకెళ్ళే బస్సు కండక్టరు చేత సంతకం పెట్టించి పేటకి పంపాలి. లారీ పిడుగురాళ్ళలో ఆగాలి. పసుపు చీటీ అందాక ఆఫీసు గులాబీ చీటీ పంపుతుంది. అది చేతికొచ్చాకే లారీ కదలాలి.

గుమాస్తా ప్రభావతి ఈ సర్క్యులర్ చదివి వినిపిస్తే ఖాజా కాసేపు గడ్డం నిమురుకున్నాడు.

"అంటే ఇక నా మాట పనికిరాదన్నమాట. సరేనమ్మా, రూలంటే రూలే."

ఇరవై ఏళ్ళ నమ్మకాన్ని ఒక కాగితంతో తుడిచేస్తే ఎవరికైనా మండుతుంది. ఖాజాకీ మండింది.

ఈ చీటీలకి మొదటి పరీక్ష సత్తెనపల్లి బేరం. అక్కడ కొత్త సినిమా హాలుకి నేల పరచాలి. పన్నెండుమంది తాపీ పనివాళ్ళు పొద్దున్నుంచీ కాచుకుని ఉన్నారు. గోపాలకృష్ణయ్య సోమవారమే ఫోనులో తేల్చి చెప్పాడు. "పొద్దుగూకేలోపు బండలు దిగకపోతే పనివాళ్ళు చిలకలూరిపేట పోతారు. వాళ్ళు పోతే బేరం పోద్ది. బేరం పోతే నువ్వు మాచర్ల క్వారీకి పోతావు." క్వారీకంటే తను రానని సుశీల అప్పుడే చెప్పేసింది. మూడేళ్ళు తిరిగితే దొరికిన కుళాయి ఉన్న ఇల్లు ఆమెది.

తొమ్మిదైంది. పసుపు చీటీ రాలేదు. పది కావొచ్చింది. మాచర్లకి ట్రంకు కాల్ బుక్ చేస్తే లైను దొరకలేదు.

"సార్, ఒకవేళ లారీ బయల్దేరి పిడుగురాళ్ళలో ఆగిందేమో. గులాబీ చీటీ పంపించేద్దామా?" అంది ప్రభావతి.

"పసుపు రాకుండా గులాబీయా? చీటీ రాలేదంటే లారీ కదల్లేదన్నమాటే. ఆ మాత్రం తెలీదా?" అని కసిరి, సంతకం చేసి సిద్ధంగా ఉంచిన గులాబీ చీటీని జేబులో పెట్టుకుని, త్రికోటేశ్వరరావు తనే మాచర్ల బస్సెక్కాడు.

బస్సు పదకొండు దాటాక పిడుగురాళ్ళలో టీ కోసం ఆగింది. టీ కొట్టు బల్ల మీద ఖాజా మొహిద్దీన్ కూర్చుని ఉన్నాడు. లారీ పక్కనే, సున్నపుబట్టీ గోడ వెనక నీడలో ఉంది. బండలన్నీ దానిమీదే ఉన్నాయి. బల్ల మీంచి చూస్తే కనపడదు, ఇరవై అడుగులు వేస్తే కనపడుతుంది. త్రికోటేశ్వరరావు ఆ ఇరవై అడుగులు వేయలేదు.

"లారీని మాచర్లలో వదిలేసి ఇక్కడ టీ తాగుతున్నావా?" అని మండిపడ్డాడు.

"లారీ అంటారా సారూ, అది..."

"నోటిమాట వద్దన్నానా? చెప్పదల్చుకుంటే చీటీ మీద రాసివ్వు!"

"నాకు రాయటం రాదుగా సారూ."

"అయితే రాయించుకొచ్చి ఇవ్వు!"

బస్సు హారను మోగింది. ఆయన ఎక్కేశాడు. ఖాజా ఇంకో టీ చెప్పాడు.

ఒంటిగంట దాటాక క్వారీ చేరేసరికి మేస్త్రి అంకారావు లేడు. బండలు పేర్చే రోశమ్మ కొంగుతో మొహం తుడుచుకుంటూ ఎదురొచ్చింది.

"మేస్త్రి మీకాడికే పొయ్యాడయ్యా. కండక్టరేమో 'మీ బండలకి నా సంతకమేందయ్యా' అని చీటీ ఇసిరికొట్టాడు. ఇక దాన్ని పట్టుకుని ఆయనే తర్వాత బస్సెక్కాడు."

"మరి లోడు?"

"లోడెప్పుడో పోయిందిగా! తెల్లారకముందే పోయింది."

త్రికోటేశ్వరరావు కాళ్ళకింద క్వారీ కదిలింది. లోడు తెల్లారకముందే పోయింది. డ్రైవరు పదకొండింటికి లారీ లేకుండా టీ తాగుతున్నాడు. అంటే లారీ ఏమైనట్టు? పడిపోయిందా, ఎవరైనా ఎత్తుకుపోయారా, ఖాజాయే అమ్మేశాడా? పోస్టాఫీసుకి పరుగెత్తాడు. ఈసారి లైను దొరికింది.

"ప్రభావతీ! లారీ మాయమైంది! యజమానికి చెప్పు!"

"సార్, మేస్త్రి ఇక్కడే ఉన్నాడు, పసుపు చీటీ తెచ్చాడు. మీరు సంతకం చేస్తేనే తీసుకోవాలని సర్క్యులర్లో..."

"చీటీ సంగతి తర్వాత! ఇద్దర్నీ పిడుగురాళ్ళ రమ్మను. ఖాజాని పట్టుకోవాలి!"

ప్రభావతి సత్తెనపల్లికి ఫోను చేసి యజమానికి ఉన్నదున్నట్టు చెప్పింది. సినిమా హాలు ముందు నిలబడి ఉన్న గోపాలకృష్ణయ్య బీపీ బిళ్ళ వేసుకుని కారెక్కాడు. పేట నుంచి అంకారావు బస్సెక్కాడు. మాచర్ల నుంచి త్రికోటేశ్వరరావు బస్సెక్కాడు. కలిసికట్టుగా పనిచేయడమంటే ఇదే అనుకుంటే, ఆ కంపెనీ అంతకుముందెన్నడూ అంత కలిసికట్టుగా పనిచేయలేదు.

నాలుగింటికి ముగ్గురూ టీ కొట్టు దగ్గర తేలారు. బల్ల మీద ఖాజా లేడు.

"పారిపోయాడు!" అన్నాడు త్రికోటేశ్వరరావు.

"ఎవురు, ఖాజా భాయా?" అన్నాడు కొట్టువాడు. "గోడెనకాల లారీ కింద నిద్రపోతన్నాడు. పొద్దున్నుంచీ ఈడనే ఉన్నాడుగా."

ముగ్గురూ గోడ తిరిగి చూశారు. లారీ ఉంది. బండలున్నాయి. కింద గోనెపట్టా మీద ఖాజా ఉన్నాడు.

"ఏందయ్యా ఖాజా, కదలకుండా ఇక్కడేం చేస్తన్నావు?" గోపాలకృష్ణయ్య అరిచాడు.

"గులాబీ చీటీ కోసం చూస్తన్నా బాబుగారూ. ఎనిమిదింటి నుంచీ."

"మరి మేనేజరు ఇటే పోయాడంటగా! చెప్పలేదా?"

"చెప్పబోయా. నోటిమాట వద్దన్నారు."

గోపాలకృష్ణయ్య మెల్లగా మేనేజరు వైపు తిరిగాడు. "ఆ చీటీ ఏదీ?"

త్రికోటేశ్వరరావు జేబులోంచి తీశాడు. పొద్దుటి నుంచి రెండు బస్సుల చెమటకి తడిసి, గులాబీరంగు చొక్కాకి కూడా అంటింది.

"చంకలో పిల్లని పెట్టుకుని ఊరంతా ఎతికావా? నీ శిక్షణ తగలెయ్య!" అని ఆయన తిడుతుంటే అంకారావు ముందుకొచ్చాడు.

"అయ్యా, నా పసుపు చీటీ కూడా ఎవురో ఒకరు తీసుకోండి. దీనికోసం అన్నం కూడా తిన్లేదు."

ఖాజా గులాబీ చీటీ అందుకుని, తిప్పి చూసి, జేబులో పెట్టుకుని లారీ తీశాడు. వెనక కార్లో త్రికోటేశ్వరరావు పడమటివైపు చూడకుండా కూర్చున్నాడు. పొద్దు వాలిపోతోంది. పనివాళ్ళు ఎప్పుడో పోయి ఉంటారు. సుశీలకి ఏం చెప్పాలో తోచక ఆయనకి నిజంగానే ఏడుపొచ్చింది.

సత్తెనపల్లి చేరేసరికి చీకటి పడింది. సినిమా హాలు ముందు పెట్రోమాక్సు దీపాలు వెలుగుతున్నాయి. పన్నెండుమందీ అక్కడే ఉన్నారు.

"మీరింకా పోలేదా?" అన్నాడు గోపాలకృష్ణయ్య నమ్మలేక.

"ఎందుకు పోతామండీ? గుంటూరు బస్సు కండక్టరు వీరయ్యతో ఖాజా భాయి మధ్యాన్నమే కబురు చేశాడు, మీ కారు అటు పోగానే అందింది. లేటయినా వస్తా, ఉండమన్నాడు. ఆయన మాటంటే మాటేగా!"

త్రికోటేశ్వరరావు లారీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డాడు. "మరి నోటిమాట..."

"రూలు మన కంపెనీకే గదా సారూ," అన్నాడు ఖాజా. "వీరయ్య మన కంపెనీ కాదు."

గోపాలకృష్ణయ్య అక్కడికక్కడే తీర్పు చెప్పాడు. మేనేజరు మాచర్లకి మారనక్కర్లేదు. ఇల్లు పేటలోనే ఉంచుకోవచ్చు. కాకపోతే ఖాజా మాట విలువ తెలిసేదాకా రోజూ ఖాజా పక్కన కూర్చుని మాచర్ల వెళ్ళి రావాలి. ఈ కోపం వేడిలో సర్క్యులర్ రద్దు చేయడం మాత్రం ఆయనకి గుర్తు రాలేదు.

మర్నాడు లోడుతో వస్తూ ఖాజా పిడుగురాళ్ళలో లారీని సున్నపుబట్టీ నీడకి తిప్పి ఇంజను ఆపాడు.

"ఎందుకాపావు? నేను పక్కనే ఉన్నాగా!" అన్నాడు త్రికోటేశ్వరరావు.

ఖాజా చెయ్యి చాపాడు.

గులాబీ చీటీల పుస్తకం పేటలో ఉంది.