నా పేరున నయమైన నోరు

"అణువులో దాక్కున్నా సరే, నోటి క్యాన్సర్‌ను ఈడ్చుకొచ్చి మదనపల్లె నడిబజార్లో నిలబెడతాను!" అని నోటి ఆరోగ్య మండలి ఛైర్మన్ ఎల్లప్ప గారు ప్రకటించారు. ఆ వాక్యం రాసింది నేనే. అణువంటే ఏమిటో నాకు తెలీదు. ఆయన మీడియా కోఆర్డినేటర్‌కు తెలియాలన్న రూలేమీ లేదు.

ప్రకటన చదువుతున్నంతసేపూ ఆయన బుగ్గలో వక్క ఉండింది. దానివల్ల గొంతుకు ఒక గాంభీర్యం వచ్చింది.

మండలి సాధించిన మొదటి ఘనత ఒక బస్సు. అందులో పరీక్ష సామాను, కంప్యూటరు, పరిశోధన చేసే డాక్టర్ హరిత ఉన్నారు. ఆమెది శాంతిపురం, చదివింది బెంగళూరులో. బుగ్గ లోపల చిన్న బ్రష్‌తో రుద్ది, అక్కడి కణాలు ల్యాబులో చూస్తారట. పుండు కంటికి కనపడకముందే జన్యువుల్లో మార్పు తెలిసిపోతుందట.

"మార్పు తెచ్చింది మనమే గదమ్మా," అన్నారు ఛైర్మన్ గారు.

"ఇది చెడ్డ మార్పు సార్. కణాలు మితిమీరి పెరక్కుండా కాపలా కాసే జన్యువొకటి ఉంటుంది. వక్కా పొగాకూ దాన్ని పాడుచేస్తాయి."

"కాపలావాణ్ణి సస్పెండ్ చేయండి."

"వాడు డ్యూటీలో లేకపోవడమే సార్ జబ్బు."

"అట్లయితే ఇన్‌ఛార్జిని పెట్టండి."

'జన్యువులకు ఇన్‌ఛార్జి: ఛైర్మన్ సంచలన నిర్ణయం' అని రాసి పంపాను. పేపర్లో వచ్చింది. ఎవరూ ఏమీ అడగలేదు. నా వృత్తిలో అదే పెద్ద సౌకర్యం.

పుంగనూరులో మొదటి శాంపిల్ ఛైర్మన్ గారే ఇవ్వాలన్న ఆలోచన కూడా నా బుర్రలోదే. కెమెరాలు వచ్చాయి. హరిత బ్రష్ పట్టుకుంది.

"నోరు తెరవండి సార్."

తెరిచారు.

"ఇంకొంచెం."

"తెరిసినా గదమ్మా."

"పూర్తిగా తెరవండి సార్."

"పూర్తిగా అంటే ఇంతే."

ఆమె కెమెరాలను బయటికి పంపించేసింది. ఏళ్ల తరబడి వక్క నమిలితే బుగ్గల లోపల గట్టిపడి దవడ బిగుసుకుపోతుందని, అది క్యాన్సర్‌కు ముందు మెట్టు కావచ్చని నెమ్మదిగా చెప్పింది. కొంతకాలంగా ఆయన ప్రసంగాలు కురచవుతుంటే 'మితభాషి', 'మాటల మనిషి కాదు, చేతల మనిషి' అని రాస్తూ వచ్చింది నేను. దానికి ఒక సంఘం ఆయనకు సన్మానం కూడా చేసింది.

ఏమైందని విలేకరులు అడిగితే, "మా అన్న ఎవురి మీదా నోరు తెరిసే మనిషి కాదు," అన్నాను. చప్పట్లు కొట్టారు.

తిరుగు దారిలో ఎల్లప్ప గారు కారులో నా చెయ్యి పట్టుకున్నారు.

"భీమరావూ, సచ్చిపోతానా అప్పా?"

అది నేను రాసిన డైలాగు కాదు.

"డాక్టరమ్మ కుప్పం ఆస్పత్రికి రమ్మనింది. ముక్క తీసి సూస్తాదంట. పేపరోళ్లకు తెలిస్తే నా పదవి యాడుంటాది? నీ పేరియ్యప్పా."

ఇచ్చాను. కాదనే అలవాటు లేదు.

హరిత మండిపడింది. పేర్లు మారిస్తే పరిశోధన ఏం కావాలంది. ఎల్లప్ప గారి మొహం చూశాక మెత్తబడి, "మీ నోరు నా పరిశోధనలో కలపను. పేరేదైనా కానీ, వైద్యం మాత్రం ఆగకూడదు," అంది.

కుప్పంలో ముక్క తీశారు. క్యాన్సరే. అయితే మొదట్లోనే దొరికింది. బెంగళూరులో 'భీమరావు'కు ఆపరేషన్ జరిగింది. 'అనుచరుడి మంచం పక్కనే ఛైర్మన్: కరిగిపోయిన నేత' అని మా ఇంటి మంచం మీద పడుకుని నేనే రాశాను. బయట తిరగడానికి లేదు మరి. చూడ్డానికి వచ్చిన మారెమ్మత్త నా మొహం పరీక్షగా చూసి, "వీడు బతికేది కష్టమే," అని మా ఆవిడ ప్రసన్నలక్ష్మిని పట్టుకుని ఏడ్చింది.

ఎల్లప్ప గారు కోలుకున్నారు. వక్క మానేశారు. కుప్పంలో సభ పెట్టి, నోరారా, జనం లేచిపోయేదాకా మాట్లాడారు. తర్వాత 'క్యాన్సర్‌ను జయించిన వీరుడు' అని నాకు శాలువా కప్పి, "నీ అనుభవం సెప్పప్పా," అన్నారు. స్టేజీ వెనక ఒక గుట్కా పొట్లం వేసుకుని వచ్చి, నేను పడిన బాధంతా వర్ణించాను. జనం కళ్లు తుడుచుకున్నారు. నేనూ తుడుచుకున్నాను.

భోజనాల దగ్గర పెరుగన్నం కూడా బుగ్గలో భగ్గున మండింది. కొన్నాళ్లుగా మండుతూనే ఉందని అప్పుడు నోరు జారాను. సభకు నాతో వచ్చిన ప్రసన్నలక్ష్మి ఫోన్ లైటు వేసి చూసింది. "తెల్లగా మచ్చ ఉండాది. పద!" అని శాలువా పట్టుకుని, సభ బయట నిలిపిన మండలి బస్సు దగ్గరికి లాక్కుపోయింది.

హరిత ఆ రోజు లేదు. కంప్యూటర్ ముందున్న టెక్నీషియన్ శివకుమార్ నన్ను చూసి లేచి నిలబడ్డాడు.

"అద్దిరిపోయేట్లు మాట్లాడినారు సార్!"

"నా నోరొకసారి సూడప్పా."

"మీకు నయమైపోయింది గద సార్. భీమరావు అని కొడితే 'పూర్తిగా నయం' అని వస్తాండాది. సిస్టం మల్లా తీసుకోదు."

ఛైర్మన్ గారికి ఫోన్ చేశాను.

"నీకు మల్లా వచ్చిందంటే నాకు మల్లా వచ్చినట్లే గదప్పా!" అన్నారాయన. "ఎలక్షన్లు దగ్గిరికొస్తాండాయి. రొంత ఓర్సుకో."

ప్రసన్నలక్ష్మి ఫోన్ లాక్కుని కట్ చేసింది. "నీ పేరు యాడో ఖర్సయిపోయింది. ఏమప్పా, నా పేరు కొట్టుకో," అంది శివకుమార్‌తో.

సిస్టం తీసుకుంది. నేను నోరు తెరిచాను.

రిజల్టు వచ్చేదాకా చేతులు ఊరకుండక ఆ పూటే ప్రెస్‌నోట్ రాసి పంపాను: 'నోటి క్యాన్సర్ పరీక్షలకు కుప్పం మహిళల నుంచి విశేష స్పందన.'