గాట్ అంటే వచ్చినట్టా, రానట్టా?

శుభవార్త ఫోన్‌లోకి వచ్చేసరికి నేను ఉల్లిపాయలు తరుగుతున్నాను. చదివి ఏడ్చాను. ఉల్లిపాయల తప్పేమీ లేదు. మావారు పంపిన వాక్యం ఇది: "ఇఫ్ ఐ గాట్ ది ట్రాన్స్‌ఫర్, ఐ వుడ్ కమ్ టుమారో."

పెళ్లయిన నెలకే ఆయన్ని వేరే ఊరి బ్రాంచికి తోలేశారు. బదిలీ కోసం ఇద్దరం కళ్లు కాయలు కాసేలా చూస్తున్నాం. నేనా, గ్రామర్ చదువుకున్నదాన్ని. ఇఫ్ పక్కన గాట్, దాని వెనకాల వుడ్ కనిపిస్తే అది జరగని పని. 'నాకు రెక్కలుంటే ఎగిరొచ్చేవాణ్ణి' జాతి. అంటే బదిలీ రాలేదు, మనిషీ రాడు. పొద్దున్న ఆశపడి గ్లాసులో నా బ్రష్ పక్కన పెట్టిన ఆయన బ్రష్‌ని తీసి మళ్లీ అలమరలో పెట్టేశాను.

అయినా సరే, పాఠకులారా, ఇంగ్లిష్ ఇఫ్ వాక్యాలు సంసారానికి వరమని ఘంటాపథంగా చెబుతున్నాను!

మన తెలుగులో ఏముంది? ఒక్క 'తే' తగిలిస్తే పనైపోతుంది. వస్తే, చూస్తే, అలిగితే. 'ముందే చెప్పి ఏడిస్తే' అని నోరు జారడానికి క్షణం పట్టదు. అదే కోపం ఇంగ్లిష్‌లో చూపించండి! హాడ్ ఎక్కడ, హావ్ ఎక్కడ, వుడ్‌ని ఎవరి పక్కన కూర్చోబెట్టాలి అని సీట్లు సర్దేసరికి కోపం కాస్తా దిగిపోయి వెళ్లిపోతుంది. ఇన్ని కాపురాలు నిలబెట్టిన లాయరు ఎక్కడైనా ఉన్నాడా?

మా ఆఫీసులో మేనేజరు గారు 'మీరు పోయిన నెల అడిగి ఉంటే జీతం పెంచి ఉండేవాణ్ణి' అని ఇంగ్లిష్‌లో సెలవిస్తారు. పైసా ఇవ్వకుండా దాత అయిపోయే సౌకర్యం ఇంకే వాక్యంలో దొరుకుతుంది? ఇక 'ఇఫ్ ఐ వర్ యూ' చూడండి. తాను ఇంకొకరైనట్టు ఊహించుకుంటే చాలు, వాజ్ పోయి వర్ వస్తుంది, ఒక్క మనిషికి బహువచన మర్యాద!

ఇలా మనసు దిటవు చేసుకుని ఆయనకి ఫోన్ చేశాను. మాటలన్నీ ఇంగ్లిష్‌లోనే, మీకోసం తెలుగు చేస్తున్నాను.

"రాలేదన్న మాట అంత వంకరగా చెప్పాలాండీ?"

"రాలేదని ఎవరన్నారు? వచ్చింది కాబట్టే గాట్ అన్నాను. రాకపోతే గెట్ అనేవాణ్ణి కదా."

"మరి వుడ్ ఎందుకు?"

"విల్ అంటే మొరటుగా ఉంటుందని మా కోచింగ్ సారు చెప్పారు. కట్టుకున్నదానితో మర్యాదగా ఉండొద్దూ?"

"ఆ ఇఫ్?"

"అది లేకపోతే వాక్యం బోసిగా ఉందోయ్."

హాల్లోంచి అత్తయ్య కేకేశారు. "వాడు వస్తున్నాడా లేదా, ముందు అది చెప్పవే తల్లీ."

'వస్తున్నారు' అన్నాను. అత్తయ్యకి తెలుగులో ఒక్క ముక్కతో తేలిపోయింది. మాకెందుకు తేలలేదంటారా? మొదటిసారి కలిసిన రోజు ఆయన ఇంగ్లిష్‌లో పలకరించారు, నేను ఇంగ్లిష్‌లో బదులిచ్చాను. ఆ గుర్రం మీంచి ముందు దిగితే నామోషీ అని ఇద్దరం ఇంకా స్వారీ చేస్తున్నాం. 'వచ్చింది, వస్తున్నా' అని ఉంటే నా కన్నీళ్లు ఉల్లిపాయలకే దక్కేవి!

బ్రష్ మళ్లీ గ్లాసులోకి వచ్చేసింది. రేపు పొద్దున్నే స్టేషన్‌కి వెళ్తాను. ఆయన దిగగానే గుర్రం మీంచి ముందు నేనే దిగుతాను, "వచ్చారా" అని తెలుగులో అడుగుతాను. ఈ వాక్యాల్లో ఎక్కడా ఇఫ్ లేదు, గమనించ ప్రార్థన.