సముద్రానికి ముదురాకుపచ్చ

ఇకమీదట రాష్ట్రంలో ఏ పనీ కష్టంగా ఉండకూడదని సాంకేతిక శాఖామాత్యులు జగ్గారావు గారు విశాఖపట్నం బీచిరోడ్డులోని ఓ పెద్ద హోటల్లో ప్రకటించారు. రెండు వేల రెండో సంవత్సరం అది, ఏ ఆఫీసు గోడ మీద చూసినా కంప్యూటర్ బొమ్మ వేలాడే కాలం. “సింప్లిసిటీ! ఇదొక్కటే మన మంత్రం!” అని మంత్రిగారు గంటన్నర సేపు విడమర్చి చెప్పారు.

తొలి కానుక జాలరిపేటకే. సముద్రం ఎలా ఉందో చెప్పే యంత్రం ఒకటి ఒడ్డున పెడతారు. అక్షరం ముక్క రానివాడు కూడా దాన్ని వాడగలగాలి. తయారుచేసే బాధ్యత ఇంజనీరు ఎడ్వర్డ్ మీద పడింది.

ఎడ్వర్డ్‌కి నిజంగానే సంతోషం వేసింది. వాళ్లింటికి చేపలు తెచ్చే పోతమ్మ మొగుడు వీరన్న, పోయినేడు వాయుగుండంలో చిక్కుకుని, తిరగబడ్డ పడవ పట్టుకుని ప్రాణాలతో బయటపడ్డాడు.

“రేడియోలో చెప్పలేదా పోతమ్మా?” అని అప్పుడు ఎడ్వర్డ్ అడిగాడు.

“ఎందుకు సెప్పరు బాబూ! వాయవ్యమంటారు, పీడనమంటారు. వేటకి ఎల్లొచ్చో ఎల్లకూడదో అదొక్కటీ సెప్పరు. నాకు కావలిసింది అదే కదేటి?”

ఆ మాట ఎడ్వర్డ్ మనసులో ఉండిపోయింది. అందుకే ఒడ్డున ఓ స్తంభం, దాని మీద రెండు దీపాలు అని గీశాడు. ఎర్రది వెలిగితే వెళ్లకూడదు, ఆకుపచ్చది వెలిగితే వెళ్లొచ్చు. వాతావరణ కేంద్రం నుంచి ఫోను రాగానే ఆఫీసులో మీట నొక్కితే చాలు.

ఆ బొమ్మని సరళీకరణ కమిటీ ముందు పెట్టాడు. హైదరాబాదు నుంచి వచ్చిన కన్సల్టెంటు అనూరాధ గారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూశారు.

“ఇందులో యూజర్ చెయ్యాల్సింది ఏముందండీ?”

“ఏమీ లేదండీ. చూస్తాడు.”

“మరి సాఫ్ట్‌వేర్ ఎక్కడ?”

“అక్కర్లేదండీ.”

మంత్రిగారే దయతలచి అందుకున్నారు. “స్తంభాన్ని నేనెలా ప్రారంభించనయ్యా? రిబ్బను దాని మెడకి కట్టమంటావా?”

దాంతో కమిటీ యంత్రాన్ని సులభతరం చెయ్యడం మొదలుపెట్టింది. స్తంభం పోయి టచ్ స్క్రీను వచ్చింది. ముందు భాష ఎంచుకోవాలి, తరవాత మంత్రిగారి సందేశం పూర్తిగా వినాలి, ఆ పైన పడవ నంబరు కొట్టాలి. కుటుంబ సంక్షేమ శాఖ వారు ఎలాగూ అడుగుతున్నారు కదా అని పిల్లలెంతమందో కూడా అడగమన్నారు. అన్నీ అయ్యాకే దీపం.

వీరన్నని పిలిపించి పరీక్ష చేశారు. ఎంత నొక్కినా స్క్రీను ఉలకలేదు, పలకలేదు.

“తడి చెయ్యి పనికిరాదు,” అన్నారు అనూరాధ గారు మర్యాదగా.

“సేపలోడికి పొడిసెయ్యి ఎక్కడినుంచొత్తాదమ్మా?” అన్నాడు వీరన్న.

కమిటీ అతని అభిప్రాయాన్ని ఎంతో గౌరవించి, యంత్రానికి గొలుసుతో ఒక తువ్వాలు కట్టించింది.

ఇక మిగిలింది ఎర్రదీపం. “ప్రభుత్వం ప్రజలకి వద్దు అని చెప్పడమేంటయ్యా? నెగెటివ్‌గా లేదూ?” అన్నారు మంత్రిగారు. “రెండూ ఆకుపచ్చే పెట్టు. బాగుంటే లేతాకుపచ్చ, తుఫానైతే ముదురాకుపచ్చ.”

“తెల్లారగట్ల రెంటికీ తేడా తెలియదు సార్.”

“తేడా లేకపోవడమేనయ్యా సింప్లిసిటీ!”

ఎడ్వర్డ్ మళ్లీ నోరు తెరవబోయాడు. సముద్రమే లేని జిల్లాలో ఇంజనీరు పోస్టులు ఖాళీగా ఉన్నాయని మంత్రిగారు మాటవరసకి గుర్తుచేశారు. ఎడ్వర్డ్ బొమ్మలో ఎర్రదీపం కొట్టేసి ముదురాకుపచ్చ దిద్దాడు. ఆ వారమంతా పోతమ్మ గంపతో గుమ్మంలోకి వస్తే, భార్య రోజలిన్‌ని పంపి తను లోపలే ఉండిపోయాడు. అతనికి చాలా సిగ్గేసింది.

ప్రారంభోత్సవం నాడు జాలరిపేట పెళ్లిపందిరిలా ఉంది. వీరన్న పడవకి పూలు కట్టారు. మంత్రిగారు అందులో కూర్చుని కొంతదూరం వెళ్తారు, పేట పడవలన్నీ వెనకే బయల్దేరతాయి, ఫోటోగ్రాఫర్లు తీస్తారు. పి.ఎ. తువ్వాలుతో మంత్రిగారి వేలు తుడిచాడు. మంత్రిగారు స్క్రీను నొక్కి, తన సందేశాన్ని తనే చేతులు కట్టుకుని ఆసాంతం విన్నారు. చివరికి ఆకుపచ్చ దీపం వెలిగింది. జనం చప్పట్లు కొట్టారు. అది ముదురాకుపచ్చ అని ఎడ్వర్డ్ ఒక్కడికే తెలుసు. వాతావరణ కేంద్రం ఫోను అందుకున్నది అతనే.

మంత్రిగారు పడవలో ఒక కాలు పెట్టారు. కెమెరాల వైపు నవ్వుతూనే ఎడ్వర్డ్ చెవి దగ్గరికి వంగారు.

“అది సరేనయ్యా. నిజంగా ఎలా ఉంది?”

“బాగాలేదు సార్. మధ్యాహ్నానికి తుఫాను. ఎవరూ వెళ్లకూడదు సార్, దయచేసి...”

మంత్రిగారు కాలు వెనక్కి తీసుకున్నారు. మైకు అందుకున్నారు. “తొలి ప్రయాణం హక్కు నా జాలరి సోదరులది! వాళ్లకి అడ్డుగా నేనెందుకు? బయల్దేరండి!” అని ఆకుపచ్చ జెండా ఊపారు.

వీరన్న తెడ్డు అందుకున్నాడు. ఎడ్వర్డ్ అరవబోయేలోగా, ఆడవాళ్ల గుంపులోంచి పోతమ్మ కేక వినిపించింది.

“మావా! దిగిపో మావా! మంత్రిబాబు కాలెనక్కి తీసీసేడు!”

ఆ మాట పడవ నుంచి పడవకి పాకింది. ఊపిన జెండా ఊపుతుండగానే పేట పడవలన్నీ ఇసకలోకి ఎక్కేశాయి.

మధ్యాహ్నానికి తుఫాను రానే వచ్చింది. యంత్రం మీది రేకు కప్పు పెందుర్తి వైపు ఎగిరిపోయిందన్నారు గాని, చూసినవాళ్లు లేరు. ఒక్క ప్రాణం కూడా పోలేదు. మర్నాటి పేపర్లన్నీ యంత్రాన్ని వేనోళ్ల పొగిడాయి. వాడడానికి అతిసులభమైన ప్రభుత్వ యంత్రంగా దానికి ఢిల్లీలో అవార్డు ప్రకటించారు. అందుకోవడానికి మంత్రిగారు విమానంలో వెళ్లారు.

ఆ ఆదివారం పోతమ్మ వస్తే ఎడ్వర్డే తలుపు తీశాడు.

“యంత్రం బాగుచేయిస్తున్నాం పోతమ్మా. ఈసారి ఎర్రదీపం పెట్టాలని గట్టిగా అడుగుతాను. పోస్టు పోతే పోయింది.”

పోతమ్మ గంప దించి చీరచెంగుతో మొహం తుడుచుకుంది.

“ఆ దీపాలు మాకెందుకు బాబూ? పేటలో అందరం అనీసుకున్నాం. రోజూ తెల్లారి మంత్రిబాబుని ఒడ్డుకి తెచ్చి, పడవలో ఓ కాలెట్టించండి సాలు. రెండో కాలు కూడా ఎడితే ఎల్తాం, నేపోతే నేదు.”